కలప తూకంలో తగ్గిన నలభై మూడు కిలోలు

జప్తు సరుకుల విభాగం అధికారి గారి సముఖమునకు,
పాత గిడ్డంగి వెనక సందులో చివరి ఇంట్లో ఉండే లేతు పనివాని భార్య సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: మా కలప దిమ్మెలు ఆరినందువల్ల తగ్గిన నలభై మూడు కిలోల బరువును ఈ నెల 23వ తేదీ, సోమవారం నాడు వాటిపై నీళ్ళు పోయించి భర్తీ చేయడాన్ని ఆపించవలసిందిగా కోరుట గురించి.

పైన 'అయ్యా' అని రాశాను. తమరు అమ్మగారైతే మన్నించగలరు. తమ గది తలుపు మీద హోదా మాత్రమే ఉంది. మూడు నెలలుగా ఆ తలుపు తెరిచి ఉండగా చూసే అవకాశం నాకు కలగలేదు.

నేను ఐదో తరగతి వరకే చదివాను. అర్జీ ఎలా రాయాలో తమ వరండా గోడకు అంటించిన నమూనా చూసి రాస్తున్నాను. అందులో 'అంశాల వారీగా, క్లుప్తంగా రాయవలెను' అని ఉంది. అంశాల వారీగా రాయగలను. క్లుప్తంగా రాయాలని మూడు కాగితాలు పాడుచేశాను. కుదరలేదు. క్లుప్తంగా చెప్పినందువల్లే మా పని ఇంతదాకా వచ్చిందని నాకు అనుమానం.

1. మా ఆయనది లేతు పని. గిరగిరా తిరిగే మిషనుకు కర్ర దిమ్మెను బిగించి, ఉలి ఆనించి, గిన్నెలు, మూత డబ్బాలు, కుర్చీ కాళ్ళు తీస్తారు. దీనికి దుకాణంలో కోసి అమ్మే పలకలు పనికిరావు. మందంగా, కండగా ఉండే దిమ్మెలు కావాలి. అవి కొందామన్నా దొరకవు. వెతుక్కోవాలి. గాలికి పడిన చెట్టు, తీగలకు అడ్డమని నరికిన కొమ్మ, ఎవరి పెరట్లోనో ఎండిపోయిన జామ, ఇల్లు కూలగొట్టిన చోట దూలం ముక్క, ఏదైనా సరే, ఫలానా చోట కర్ర పడిందని తెలిస్తే చాలు, మా ఆయన తోపుడుబండి తీస్తారు. పెళ్ళయిన కొత్తలో ఇద్దరం ఒకసారి సినిమాకు బయలుదేరాం. బస్సు మలుపు తిరుగుతుండగా ఎక్కడో రంపం చప్పుడు వినబడింది. మా ఆయన నా వంక చూశారు. నేను తల ఊపాను. దిగిపోయాం. ఆ సినిమా కథ ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. ఆ రోజు కొత్త బట్టలతో ఇద్దరం మోసుకొచ్చిన ముక్క, ఇప్పుడు తమ జప్తు స్టోరులో ఉన్న 12వ నంబరు దిమ్మె.

2. దొరికిన కర్ర దొరికినట్టు లేతు ఎక్కదు. అప్పుడే కోసిన దుంగ బరువులో ఇంచుమించు సగం నీళ్ళే ఉంటాయి. ఆ నీళ్ళు తొందరపడి పోతే కర్ర పగులుతుంది. నిదానంగా పోతే నిలబడుతుంది. అందుకని దుంగను ముక్కలు చేసి, నడిమధ్య ఉండే మెత్తటి బొడ్డు తీసేసి, కోసిన కొసలకు కరిగించిన మైనం పూసి, ఎండ తగలని చోట, వరసకూ వరసకూ మధ్య పుల్లలు పెట్టి, గాలి ఆడేలా పేరుస్తాం. దళసరి దిమ్మెకు రెండేళ్ళు పడుతుంది. తట్టి చూసి, వాసన చూసి, చెంపకు ఆనించి చూసి ఆరిందని చెప్పేవాళ్ళు ఉన్నారు. మా ఆయన కూడా చెబుతారు. నాలుగింట ఒకటి తప్పు చెబుతారు. తూకం మాత్రం తప్పు చెప్పదు. అందుకని ప్రతి దిమ్మె మీదా నంబరు, తేదీ, బరువు పెన్సిలుతో రాస్తాం. పదిహేను రోజులకోసారి తూచి నోటుబుక్కులో ఎక్కిస్తాం. వరసగా మూడుసార్లు బరువు మారకపోతే అది ఆరినట్టు. అంతవరకూ దాని జోలికి పోకూడదు.

ఈ తూచడం, రాయడం నా పని. పెళ్ళయిన నెల నుంచీ నేనే చేస్తున్నాను. "మొగుడు చిక్కాడో, లావెక్కాడో పట్టించుకోదు గానీ, ఏ మొద్దు ఎన్ని గ్రాములు తగ్గిందో నిద్రలో లేపి అడిగినా చెబుతుంది మా కోడలు" అని మా అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెబుతారు. ఎత్తిపొడుపే గానీ అబద్ధం కాదు.

3. మూడు నెలల క్రితం తమ తనిఖీ సిబ్బంది మా సందుకు వచ్చారు. దిమ్మెలను మా ఇంటి వెనక గోడకు ఆనించి, రేకుల చూరు కింద పేర్చి ఉంచాం. చూరు మాదే గానీ, దాని కింద నేల సందుదట. దారికి అడ్డమని రాసి, మొత్తం నూట ముప్పై ఒక్క దిమ్మెలనూ లారీకి ఎత్తారు. అందులో డెబ్బై మూడు రెండు మూడేళ్ళ నుంచి ఆరుతున్నవి. తక్కినవి పచ్చివి. ఆ పచ్చివి, రోడ్డు వెడల్పు చేయడానికి తమ కార్యాలయం వారే ముందటి వారం నరికించిన పెద్ద చెట్టువి. అప్పుడు పనిచేయిస్తున్న మేస్త్రీ గారే, "పట్టుకుపోవయ్యా, మాకు లారీ ఖర్చు తప్పుతుంది" అన్నారు. అలా మేము తీసుకెళ్ళిన దాన్ని వారం తిరక్కుండా తమ లారీయే మళ్ళీ తీసుకొచ్చింది.

దారికి అడ్డం పెట్టడం మా తప్పే. ఒప్పుకున్నాం. జరిమానా ఆ వారమే కట్టేశాం. దాని గురించి నాకు ఏ ఫిర్యాదూ లేదు. సరుకు వదిలేయవలసిందిగా తమరు ఉత్తర్వు కూడా ఇచ్చారు. అందులో 'స్వాధీనపరచుకున్న బరువు మేరకు యజమానికి అప్పగించవలెను' అని ఉంది. కింద తమ సంతకం ఉంది. చాలా అందమైన సంతకం. మా ఆయన ఆ కాగితాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, తోపుడుబండికి కొత్త టైరు వేయించి, నన్ను వెంటబెట్టుకుని స్టోరుకు వచ్చారు.

4. రసీదులో ఉన్న బరువు నాలుగు వందల పన్నెండు కిలోలు. అప్పటికి నెల గడిచింది. స్టోరు గుమస్తా గారు మళ్ళీ కాటా వేశారు.

"మూడు వందల తొంభై ఒకటే చూపిస్తోంది. ఇరవై ఒక్క కిలోలు ఏమైనట్టు?"

"ఆరింది సార్" అన్నారు మా ఆయన.

"ఆరితే?"

"నీళ్ళు పోయాయి సార్."

"ఎక్కడికి పోయాయి?"

"గాలిలోకి."

"గాలిలోకి పోయాయని రిజిస్టరులో రాయమంటావా? రేపు ఆడిట్ వాళ్ళు ఆ గాలిని పట్టుకురమ్మంటే నువ్వొస్తావా, నేను పోవాలా?"

బరువు సంగతి వదిలేసి ముక్కలు లెక్కపెట్టుకోండి, నూట ముప్పై ఒకటీ ఉన్నాయి అని మా ఆయన బతిమాలారు. గుమస్తా గారు రిజిస్టరు తిప్పి మాకే చూపించారు. అది ఇనుప తుక్కు కోసం అచ్చు వేయించిన రిజిస్టరు. అందులో బరువు రాసే గడి ఉంది. ఎన్ని ముక్కలో రాసే గడి లేదు. ఇనుము ఆరదు కాబట్టి ఆ రిజిస్టరు చేసినవారిని నేను తప్పు పట్టను.

5. ఇరవై ఒక్క కిలోల లోటు మీద విచారణ వేశారు. విచారణ పూర్తయ్యేసరికి మరో నెల పట్టింది. విచారణ ముగింపుగా మళ్ళీ తూచారు. మూడు వందల డెబ్బై ఎనిమిది వచ్చింది. అంటే మొదటి లోటు తేలకుండానే మరో పదమూడు కిలోల కొత్త లోటు వచ్చింది. రెండు లోటులూ ఒకే ఫైలులో ఉండకూడదని రెండో ఫైలు తెరిచారు. ఈ నెల 13న ఆ రెండు ఫైళ్ళనూ కలపడానికి మళ్ళీ తూచారు. మూడు వందల అరవై తొమ్మిది. మొత్తం లోటు నలభై మూడు. విచారణ ఎంత శ్రద్ధగా జరిగితే లోటు అంత పెరుగుతోందని తమకు మనవి చేసుకుంటున్నాను.

ఈ మధ్యలో, చలికి కాల్చుకున్నాడేమోనని స్టోరు కాపలా ఆయన చేత వాంగ్మూలం రాయించారట. పాపం, ఆయన ఇప్పుడు మమ్మల్ని చూస్తే ముఖం తిప్పుకుంటున్నారు. ఆయన ఒక్క పుల్ల కూడా ముట్టుకోలేదని, ఆయన మీద అనుమానం ఉంటే దాన్ని తొలగించుకోవలసిందని ఈ అర్జీ ద్వారా తెలియజేసుకుంటున్నాను.

6. ఇది నా రెండో అర్జీ. మొదటిది రెండు నెలల క్రితం తమ వరండాలో ఉన్న పెట్టెలో వేశాను. జవాబు రాలేదు. కానీ ఈ నెల 13న అది నాకు కనబడింది. తమ వరండాలో అర్జీదారులు కూర్చునే పొడుగాటి బల్ల ఉంది కదా, దాని ఎడమ పక్క వెనక కాలి కింద నాలుగు మడతలు పెట్టి ఉంది. నా చేతిరాత నాకు తెలుసు. తీసుకుందామనుకున్నాను గానీ, ఆ సమయంలో బల్ల మీద ఒక పెద్దాయన కునుకు తీస్తున్నారు. తీస్తే ఆయన పడిపోతారని ఊరుకున్నాను.

ఆ బల్ల ఎందుకు ఊగుతుందో తమరు ఎప్పుడైనా గమనించారా? కాళ్ళు నాలుగూ సమానంగానే ఉన్నాయి. నేను జానతో కొలిచి చూశాను. పైపలక పచ్చి కర్రతో చేశారు. కొన్నాక అది ఆరి, మెలి తిరిగింది. అందువల్ల ఒక కాలు నేలకు ఆనడం లేదు. అంటే తమ బల్లలోంచి కూడా నీళ్ళు గాలిలోకి పోయాయి. కొన్ననాటి బరువు రాసి ఉంటే ఆ బల్ల మీద కూడా ఈపాటికి ఒక ఫైలు ఉండేది.

7. ఇప్పుడు అసలు సంగతి. 13వ తేదీన స్టోరు గుమస్తా గారు మమ్మల్ని పక్కకు పిలిచారు. ఆయన మంచివారు. కసురుకోరు. ఆ రోజు నాకు కూర్చోవడానికి తన స్టూలు కూడా ఇచ్చారు.

"చూడమ్మా, ఇంకో ఏడు నెలల్లో నేను రిటైరవుతున్నాను. నాకు ముందు ఈ సీట్లో ఉన్నాయన తుక్కులో రెండు కిలోలు తేడా వచ్చి పెన్షన్ కోసం ఆరేళ్ళు తిరిగాడు. రెండు కిలోలకే ఆరేళ్ళు. మీది నలభై మూడు. నేను పోయాక కూడా నా ఫైలు తిరుగుతూనే ఉంటుంది. అందుకని బాగా ఆలోచించాను. పోయింది నీళ్ళే అంటున్నారుగా? నీళ్ళేగా, పోద్దాం! పైపు ఉంది, కుళాయి ఉంది. వచ్చే సోమవారం కాదు, ఆ పై సోమవారం స్టోరులో వేరే పని లేదు. తొట్టిలో వేసి నానబెడితే నాలుగు రోజుల్లో కాటా మీద సరిగ్గా నాలుగు వందల పన్నెండు తెప్పిస్తా. సంతకం పెట్టి పట్టుకుపోండి. మీకూ మంచిది, నాకూ మంచిది."

"సార్, అలా చేస్తే..." అని మా ఆయన ఏదో చెప్పబోయారు.

"ఏమయ్యా, నీళ్ళు పోయాయన్నది నువ్వే కదా? పోయింది పోసుకుంటే ఇంకేం బాధ?"

మా ఆయన ఉత్తర్వు కాగితాన్ని మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. జవాబు నా దగ్గర ఉంది. కానీ కౌంటరు ముందు నిలబడితే నా మాట నాకే వినబడదు. "గట్టిగా చెప్పమ్మా" అని ఎవరైనా అన్నారంటే ఆ వచ్చే కాస్త మాట కూడా లోపలికి పోతుంది. ఆ రోజు గుమస్తా గారు మూడుసార్లు "గట్టిగా చెప్పమ్మా" అన్నారు. స్టూలు మీద నుంచి లేచి బయటికి వచ్చేశాను. అక్కడ చెప్పలేనిది ఇక్కడ చెబుతున్నాను.

పోయిన నీళ్ళూ, పోసే నీళ్ళూ ఒకటి కావండి. చెట్టు తాగిన నీళ్ళు కర్రలో ప్రతి పోగులోనూ ఉండేవి. నెలల తరబడి ఒక్కొక్క చుక్కే దారి చూసుకుని బయటికి వచ్చాయి. పైపు నీళ్ళు పైపైన పడతాయి. పై పొర ఉబ్బుతుంది, లోపల పొడిగానే ఉంటుంది. ఇంటికి తెచ్చాక ఆ పై పొర గబగబా ఆరి బిగుసుకుంటుంది. అప్పుడు ఫట్టుమని పగులుతుంది. ఆ చప్పుడు నేను ఒకసారి విన్నాను. పక్కగదిలో ఎవరో చెంపదెబ్బ కొట్టినట్టు ఉంటుంది. పగలనివాటికి బూజు పట్టి నల్ల మచ్చలు లోపలికి దిగుతాయి. అలాంటి దిమ్మె తిరుగుతుండగా ఉలి తగిలితే ముక్క ఊడి ముఖం మీదికి ఎగురుతుంది.

7(అ). కొసలకు మైనం ఉన్నందున నీళ్ళు సరిగా పట్టవేమోనని, ముందుగా మైనం గీకించేస్తామని కూడా గుమస్తా గారు చెప్పారు. నమూనాలో (అ) లేదు. కానీ ఈ మాట గుర్తొచ్చినప్పుడల్లా కలం కింద పెట్టి లేచిపోతున్నాను కనుక విడిగా రాశాను. ఆ మైనం ఒక్కొక్క దిమ్మెకు రెండు పూతలు నేను పూసిందే. నా మోచేతి మీద ఇప్పటికీ కాలిన మచ్చ ఉంది.

8. మర్నాడు మా ఆయన ఒక్కరే స్టోరుకు వచ్చి, 'నీళ్ళు పోయుటకు నాకు ఎట్టి అభ్యంతరమూ లేదు' అని రాసిచ్చి సంతకం పెట్టారు. తమ ఫైలులో ఆ కాగితం ఉంది. నాకు మూడు రోజుల తరవాత తెలిసింది. అప్పుడు ఇంట్లో జరిగిన మాటలు అర్జీలో రాయవచ్చో లేదో నాకు తెలియదు. కానీ అభ్యంతరం లేదన్న కాగితం వెనక ఎంత అభ్యంతరం ఉందో తమకు తెలియాలి.

"ఎందుకు పెట్టారండీ సంతకం?" అని అడిగాను.

"ఎలాగోలా ఇంటికొస్తే చాలనిపించింది. పగిలేవి పగలగా ఏవో నాలుగు మిగలవా?"

"మిగలవండీ."

"నాకు తెలీదా?"

ఆయన లేచి చొక్కా కొయ్యకు తగిలించారు. తరవాత ఆయనే, "మళ్ళీ మొదటి నుంచి వెతుక్కుని, పేర్చుకుని, రెండేళ్ళు కూర్చునే ఓపిక నాకు లేదు. ఇవి పోతే లేతు ఇచ్చేద్దాం. అడిగినవాళ్ళు ఉన్నారు" అన్నారు.

లేతు మీద దుప్పటి కప్పి నెల దాటింది. మా ఆయన ఇప్పుడు సామాన్ల గోడౌనులో ప్లైవుడ్ షీట్లు దింపే పనికి వెళుతున్నారు. ఇదివరకు సాయంత్రం ఇంటికి వస్తే ఆయన చొక్కా వాసన చూసి ఆ రోజు ఏ కర్ర తిప్పారో చెప్పేదాన్ని. జామ పుల్లగా ఉంటుంది, మల్బరీ తియ్యగా ఉంటుంది. ఇప్పుడు రోజూ ఒకటే జిగురు వాసన. మా అత్తగారు ఊరుకోరు కదా. "ప్లైవుడ్‌కి ఆరబెట్టే గోల లేదు, పగిలే గోల లేదు, నోరు విప్పే గోల అసలే లేదు. వీడూ అలాగే తయారవుతున్నాడు" అన్నారు. ఎప్పుడూ ఆమె మాటకు ఎదురు మాట అనే మా ఆయన ఆ రోజు ఏమీ అనలేదు. ఆమెకే భయం వేసి, "ఏరా, ఏదో ఒకటి అనరా" అని వెనకాలే తిరిగారు.

తమరు ఇది నలభై మూడు కిలోల వ్యవహారం అనుకోవచ్చు. మాకు ఆ లేతు మీది దుప్పటి తీయడమా, తీయకపోవడమా అన్నదే వ్యవహారం.

9. మూడో అంశంలో ఒక సంగతి రాయకుండా వదిలేశాను. అర్జీలో వాస్తవాలు దాచకూడదని నమూనా కింద చిన్న అక్షరాల్లో ఉంది. అందుకని రాస్తున్నాను.

లారీ వచ్చిన రోజు తనిఖీ అధికారి గారు రసీదులో 'ఒక లారీ కట్టెలు' అని రాయబోయారు. నేను తలుపు చాటున ఉన్నాను. కట్టెలు అన్న మాట విని నాకు మనసు నిలవలేదు. ఒక్కొక్కదానికి నంబరు ఉంది, తేదీ ఉంది, గ్రాములతో సహా బరువు ఉంది. పొయ్యిలో పెట్టేవాటిలా ఒక్క మాటలో కట్టెలంటారా అనిపించింది. నేను బయటి మనుషులతో నాకై నేను మాట్లాడింది ఎప్పుడూ లేదు. ఆ రోజు తలుపు చాటు నుంచి బయటికి వచ్చి, "తూచి రాసుకోండి సార్" అన్నాను.

ఆయన నవ్వి, "తెలివైనదానివేనమ్మా" అని లారీని తుక్కు కాటా దగ్గరికి పంపించారు. నాలుగు వందల పన్నెండు అని రసీదులో రాసి ఇచ్చారు. మా ఆయన ఆ రసీదు చూసి, "భలే చెప్పావు" అన్నారు. ఆ పూటంతా నేను నేల మీద నడవలేదు.

నేను ఆ మాట అనకుండా ఉంటే రసీదులో 'ఒక లారీ కట్టెలు' అని ఉండేది. ఒక లారీ కట్టెలు ఆరినా ఒక లారీ కట్టెలే. జరిమానా కట్టిన మర్నాడే మా దిమ్మెలు మా ఇంటికి వచ్చేసేవి. ఇన్నాళ్ళూ అన్నిటినీ తూచి తూచి, తూకం అంటే నిజమే గదా, నిజం రాయించుకుంటే మంచిదే గదా అనుకున్నాను. పచ్చి కర్ర బరువు ఆ ఒక్క రోజుకే నిజమని అందరికంటే బాగా తెలిసినదాన్ని నేనే. ఆ రోజు నాకే గుర్తు రాలేదు.

ఈ సంగతి మా ఆయనకు తెలియక కాదు. మూడు నెలలుగా ఒక్కసారి కూడా "నీ వల్లే" అనలేదు. అంటే బాగుండునని నాకు ఉంది.

10. సాక్ష్యం కావాలని గుమస్తా గారు పదే పదే అడిగారు. మా ఇంట్లో ఉన్న సాక్ష్యం ఒక్కటే. మూడు సంవత్సరాల నాలుగు నెలలుగా నేను రాస్తున్న తూకాల నోటుబుక్కు. దానిని ఈ అర్జీతో జతపరుస్తున్నాను. తమరు 47వ నంబరు దిమ్మె పేజీ ఒక్కటి చూసినా చాలు. తెచ్చిన రోజున మూడు కిలోల రెండు వందలు. మొదటి నెలలో గబగబా తగ్గింది. తరవాత నెమ్మదించింది. చివరికి ఒక కిలో తొమ్మిది వందల యాభై దగ్గర ఆగి, ఇక కదలలేదు. ఏ దిమ్మె చూసినా ఇదే వరస. ముందు ఎక్కువ, తరవాత తక్కువ, ఆ తరవాత సున్న. తమ స్టోరులో వచ్చిన లోటు కూడా అదే వరసలో ఉంది: ఇరవై ఒకటి, పదమూడు, తొమ్మిది. దొంగ ఎవరైనా నెల నెలా ఇంత క్రమంగా, తగ్గించుకుంటూ తీసుకుపోతాడా?

ఇంకా నమ్మకం కలగకపోతే ఒక మాట ముందుగానే చెబుతున్నాను. ఇప్పుడవి రోజుకు సుమారు మూడు వందల గ్రాముల చొప్పున ఆరుతున్నాయి. 13వ తేదీ నుంచి 23వ తేదీకి పది రోజులు. సోమవారం పొద్దున తూస్తే మూడు వందల అరవై ఆరు కిలోలు వస్తుంది. లోటు నలభై మూడు కాదు, నలభై ఆరు ఉంటుంది. తూయించి చూడండి. ఎంత తగ్గుతుందో ముందుగా కాగితం మీద రాసిచ్చిన దొంగ ఉండడు కదా.

కావున తమను వేడుకునేది ఏమనగా:

సోమవారం నాడు పైపు తిప్పవద్దని స్టోరుకు ఉత్తర్వు ఇవ్వాలి. మైనం గీకవద్దని కూడా అందులో విడిగా రాయించాలి, ఎందుకంటే పైపు గురించి మాత్రమే రాస్తే మైనం మాట రాయలేదు కదా అంటారు. దిమ్మెలను బరువుతో కాక సంఖ్యతో లెక్కించి, నూట ముప్పై ఒకటీ ఉన్నాయని చూసుకుని మాకు అప్పగించాలి. గడి లేకపోతే నేను స్కేలు పెట్టి గీసి ఇస్తాను.

ఇవేవీ ఇప్పట్లో కుదరకపోతే, కనీసం పడమటి కిటికీ పక్కన ఉన్న వరసను మూడు అడుగులు లోపలికి జరిపించాలి. మధ్యాహ్నం పూట అక్కడ నేరుగా ఎండ పడుతోంది. 13న చూసినప్పుడు 12వ నంబరు దిమ్మెకు కొస దగ్గర వెంట్రుక మందం బీట కనబడింది. ఆ దిమ్మె ఆరి ఏడాది కావస్తున్నా మా ఆయన దాన్ని లేతు ఎక్కించలేదు. "ఇది మన సినిమా, ఆఖర్న చూద్దాం" అనేవారు.

తమరు పెద్ద మనసుతో ఈ అర్జీని బల్ల కాలి కిందికి వెళ్ళకముందే చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
లేతు పనివాని భార్య
తేదీ: 18, బుధవారం

జతపరచినవి: రసీదు నకలు, తమ ఉత్తర్వు నకలు, తూకాల నోటుబుక్కు ఒకటి. (నోటుబుక్కుకు నకలు లేదు. ఉన్నది అదొక్కటే. దయచేసి దాన్ని తూచి పుచ్చుకోవద్దు. పేజీలు లెక్కపెట్టి పుచ్చుకోండి. తొంభై రెండు ఉన్నాయి.)

తా.క.: నమూనాలో తా.క. లేదు. అయినా రాస్తున్నాను.

సోమవారం లోపల ఇది చదివే తీరిక తమకు చిక్కకపోవచ్చు. అందుకని నేనొకటి అనుకున్నాను. నిన్న ఇంట్లో ఎవరూ లేనప్పుడు దిమ్మెలు తూచే కాటా మీద నేను నిలబడి చూసుకున్నాను. చెప్పులు లేకుండా సరిగ్గా నలభై ఆరు కిలోలు.

సోమవారం స్టోరు తలుపు తెరిచే వేళకు నేను అక్కడ ఉంటాను. నూట ముప్పై ఒక్క దిమ్మెలనూ కాటా మీద పేర్చాక, వాటి పైన నేను ఎక్కి కూర్చుంటాను. ముల్లు నాలుగు వందల పన్నెండు దగ్గర ఆగుతుంది. గుమస్తా గారు గడిలో ఆ అంకె వేసుకుని, మా ఆయన చేత సంతకం పెట్టించుకుని, దిమ్మెలనూ నన్నూ కలిపి ఇంటికి పంపించేయవచ్చు. ఫైలు మూసేయవచ్చు. ఆయన పెన్షన్‌కు ఏ ఇబ్బందీ ఉండదు.

ఈ సంగతి మా ఆయనకు చెప్పలేదు. మా అత్తగారికి చెప్పాను. తిడతారనుకున్నాను. ఆమె నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూసి, "అయితే సోమవారం దాకా చిక్కకు, ఒళ్ళూ చేయకు. నీ తిండి సంగతి నేను చూసుకుంటా" అన్నారు. నిన్న రాత్రి నుంచి చూసుకుంటున్నారు.

కాటా మీద నన్ను చూసి గుమస్తా గారు, "రిజిస్టరులో కలప అని ఉందమ్మా, నువ్వు కలపవి కాదు కదా" అంటారు. గట్టిగా చెప్పమని ఈసారి ఆయన అడగనక్కరలేదు. గట్టిగానే అడుగుతాను: నీళ్ళు మాత్రం కలపేనా సార్?